ముందు ప్రింటర్, తర్వాతే ఫార్మాటర్: మెయిన్‌ఫ్రేమ్ కాలపు పత్రానికి ఏ దారి మేలు?

పాత కంప్యూటర్ల మీద మోజున్నవారు నలుగురు కూడితే ఒక వాదన తప్పకుండా వస్తుంది. ఆ రోజుల్లో పత్రాలు తీర్చిదిద్దే ప్రోగ్రాముల్లో, అంటే ఫార్మాటర్లలో, ఏది మేలు? ఒకరు రనాఫ్ అంటారు, మరొకరు స్క్రిప్ట్ అంటారు. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వైపు నుంచి వచ్చినవారు ఎన్‌రాఫ్, టీరాఫ్ దాటి మాట్లాడరు. గణితం చదివినవారికి టెక్ ముందు మిగతావన్నీ దిగదుడుపే. గంటసేపు వాదించుకున్నా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది: ఇంతకీ కాగితం ఏ యంత్రంలోంచి బయటికి వస్తుంది?

నా లెక్కలో ముందు తేలాల్సింది అదే. ఆ తర్వాత రెండో ప్రశ్న: ఈ పత్రాన్ని మళ్లీ ఎన్నిసార్లు, ఎవరు అచ్చు వేస్తారు? ఈ రెండింటికీ జవాబు దొరికితే ఫార్మాటర్ ఎంపిక సగానికి పైగా తేలిపోతుంది. జవాబు దొరక్కుండా ఎంచుకుంటే, ఎంత మంచి ప్రోగ్రామైనా చివరి రోజున చేతులెత్తేస్తుంది.

పోలిక కోసం 1980లో ఉన్నామనుకుందాం. మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ ఉన్న కేంద్రం, చేతిలో 200 పేజీల మాన్యువలో సిద్ధాంత గ్రంథమో. 1980నే ఎందుకు తీసుకున్నానంటే, 1964 నుంచి పుట్టుకొచ్చిన పద్ధతులన్నీ అప్పటికి ఒకే గదిలో పక్కపక్కన ఉన్నాయి. లేజరు ప్రింటర్లు వచ్చేశాయి, బల్ల మీది కంప్యూటర్లు మాత్రం ఇంకా ఈ పనికి ఎదగలేదు. ఇంట్లో ఎమ్యులేటర్ (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము) పెట్టుకుని ఆ వ్యవస్థలను నడిపి చూడాలనుకునేవారికి ఇప్పుడు కూడా ఎదురయ్యేవి ఇవే చిక్కులు. వారి కోసం చివర్లో వేరుగా రాశాను.

కాగితం ఎక్కడ పడుతుంది?

ఐబీఎం 1403 లైన్ ప్రింటర్ 1401 కంప్యూటర్‌తో పాటు 1959లో వచ్చింది. ఇది అక్షరం తర్వాత అక్షరం కొట్టే యంత్రం కాదు, వరుస తర్వాత వరుస కొట్టే యంత్రం. అక్షరాల అచ్చులున్న గొలుసు ఒకటి అడ్డంగా గిర్రున తిరుగుతూ ఉంటుంది. కాగితం వెనక 132 సుత్తులుంటాయి, వరుసలోని గడికొకటి. కావలసిన అక్షరం తన గడి ముందుకు రాగానే సుత్తి కాగితాన్ని రిబ్బన్‌కేసి, ఆ వెనకనున్న గొలుసుకేసి కొడుతుంది. మోడల్ 2 నిమిషానికి 600 వరుసలు కొట్టేది, తర్వాత వచ్చిన ఎన్1 రకం 1,100. అంగుళానికి 6 వరుసల చొప్పున 11 అంగుళాల కాగితానికి 66 వరుసలు పడతాయి. అంటే ఎన్1 మీద నిమిషానికి సుమారు 16 పేజీలు, మన 200 పేజీలకు పావుగంట కూడా పట్టదు. ఇంత వేగం చూశాక ఇంకో ప్రింటర్ ఎందుకనిపిస్తుంది.

చిక్కంతా గొలుసులో ఉంది. మామూలు గొలుసు మీద ఉండేవి 48 గుర్తులే: 26 పెద్ద అక్షరాలు, 10 అంకెలు, 12 ఇతర గుర్తులు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు లేనే లేవు. ఆ 48 ఐదుసార్లు తిరిగి తిరిగి వచ్చి మొత్తం 240 అచ్చులవుతాయి. చిన్న అక్షరాలు కావాలంటే టీఎన్ అనే మరో గొలుసు వేయించాలి. దాని మీద 120 గుర్తులున్నాయి కాబట్టి అవి రెండుసార్లే వస్తాయి. ప్రతి సుత్తీ తన అక్షరం కోసం ఎక్కువసేపు కాచుకోవాలి, వేగం బాగా పడిపోతుంది. పైగా బిల్లులు, జీతాల పట్టీలు బారులు తీరి ఉన్న పగటిపూట మీ ఒక్కరి గ్రంథం కోసం ఆపరేటర్ గొలుసు మార్చడు. పెద్దా చిన్నా తేడా లేని లిపిలో పెరిగిన మనకు ఇది చిన్న విషయంగా తోచవచ్చు. కానీ 200 పేజీల ఇంగ్లీషును మొత్తం పెద్ద అక్షరాల్లో చదివి చూడండి, నలభయ్యో పేజీకి కళ్లు మంటలెత్తుతాయి.

ఇంకో సంగతి: ఈ ప్రింటర్‌కు పంపే ప్రతి వరుసలో మొదటి గడి అచ్చు కోసం కాదు, ఆజ్ఞ కోసం. అక్కడ ఖాళీ ఉంటే ఒక వరుస దిగి కొడుతుంది, సున్నా ఉంటే రెండు, అడ్డగీత ఉంటే మూడు. 1 ఉంటే కొత్త పేజీ మొదలు. కూడిక గుర్తు ఉంటే కాగితం కదలకుండా పాత వరుస మీదే మళ్లీ కొడుతుంది. అక్షరం కింద గీత గీయాలన్నా, దాన్ని ముదురుగా చూపాలన్నా ఈ కూడిక గుర్తే దిక్కు. ఎమ్యులేటర్ మీద తొలిసారి నేను పంపిన ఫైలు ఏమిటంటే, ఈ చరిత్రకు సంబంధించిన సంవత్సరాల పట్టిక. ప్రతి వరుసా 19తో మొదలవుతుంది కదా. ఒక్కో వరుసకు ఒక్కో పేజీ చొప్పున ఎగిరిపోయింది. ప్రతి పేజీ నెత్తిన 964, 969, 973 అని మొదటి అంకె తెగిన సంవత్సరాలు! ఎమ్యులేటర్ కాబట్టి కాగితం ఖర్చు కాలేదు. నిజం యంత్రమైతే మడతల కాగితం నేల మీద గుట్ట పడేది, ఆపరేటర్‌కు మొహం చూపించగలిగేవాడిని కాదు.

అన్నట్టు ఎన్1 రకం మీద ఎవరూ కాఫీ కప్పు పెట్టకూడదు. కాగితం అయిపోగానే దాని మూత దానంతటదే పైకి లేస్తుంది.

రెండో దారి సెలెక్ట్రిక్ టైపు బంతి ఉన్న ఐబీఎం 2741 టెర్మినల్. బంతి మీద 88 గుర్తులుంటాయి, చిన్న అక్షరాలతో సహా. ఆఫీసు టైపు యంత్రమే కాబట్టి మంచి బాండ్ పేపరు పెట్టవచ్చు, అక్షరం నల్లగా, పదునుగా పడుతుంది. ఏ పరీక్షకుడూ వంక పెట్టలేడు. కానీ సెకనుకు 15 అక్షరాలకు మించదు. పేజీకి మూడు నాలుగు నిమిషాల చొప్పున 200 పేజీలంటే పది గంటలు దాటిన పని. మధ్యలో కాగితాలు మారుస్తూ, గ్రీకు అక్షరం వచ్చినప్పుడు బంతి మారుస్తూ దగ్గర కూర్చోవాలి. నూట తొంభయ్యో పేజీలో తప్పు కనిపిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

లేజరు ప్రింటర్లు అప్పటికి పెద్ద సంస్థల ఆస్తి. ఐబీఎం 3800ను 1975లో ప్రకటించారు. అది మడతల కాగితం మీద నిమిషానికి 20,000 వరుసల దాకా పోగలదు. చిన్న అక్షరాలకు వేగం తగ్గదు, ఎందుకంటే అచ్చు గొలుసులో లేదు, జ్ఞాపకంలో ఉంది. అంగుళానికి 10, 12, 15 అక్షరాల కొలతల్లో ఏదైనా అడగవచ్చు. వరుస వరుసకూ అక్షర పట్టిక మార్చాలంటే మాత్రం రెండో గడిని కూడా ఆజ్ఞకు వదిలేయాలి. జిరాక్స్ 9700 1977లో వచ్చింది. విడి కాగితాలు, రెండు వైపులా అచ్చు, అంగుళానికి 300 చుక్కలు, నిమిషానికి 120 పేజీలు. వెడల్పు తేడాలున్న అక్షరాలతో అసలైన పుస్తకంలా కనిపించే పేజీ కంప్యూటర్ గదిలోంచే రావడం దీనితో వీలైంది. మీ కేంద్రంలో 9700 ఉంటే మిగతా ప్రింటర్ల గురించి చదవడం ఇక్కడే ఆపేయవచ్చు.

ఫొటో టైపుసెట్టర్ల సంగతి వేరు. గ్రాఫిక్ సిస్టమ్స్ వారి క్యాట్ యంత్రంలో 102 గుర్తుల చొప్పున నాలుగు ఫిల్మ్ ఫాంట్లు పడతాయి. 6 పాయింట్ల నుంచి 36 దాకా 15 సైజులు. ఫిల్మ్ గుండా కాంతి పడి ఫొటో కాగితం మీద అక్షరం ఏర్పడుతుంది. తర్వాత దాన్ని రసాయనాల్లో కడగాలి. అచ్చుకు ఇచ్చే చివరి ప్రతికి ఇది సరిపోతుంది. చిత్తుప్రతికి దీన్ని వాడితే దుబారా.

ఇక్కడే అసలు మెలిక ఉంది. చాలామందికి ఒక్క ప్రింటర్ సరిపోదు. చిత్తుప్రతులు లైన్ ప్రింటర్ మీద పది తీస్తారు, చివరి ప్రతి ఒక్కటి టైపు బంతి మీదో లేజరు మీదో తీస్తారు. కాబట్టి మీరు రాసిన ఒకే ఫైలు రెండు యంత్రాల మీదా సరిగ్గా రావాలి. ఫార్మాటర్లను ఈ గీటురాయి మీదే గీయాలి.

చుక్కతో మొదలైన వంశం

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో సీటీఎస్‌ఎస్ అనే టైమ్ షేరింగ్ వ్యవస్థ (ఒకే కంప్యూటర్‌ను పలువురు ఒకేసారి టెర్మినళ్ల నుంచి వాడుకునే ఏర్పాటు) ఐబీఎం 7094 మీద నడిచేది. జెరోమ్ సాల్ట్‌జర్ తన డాక్టరేటు రాతపని కోసం 1964లో దాని మీద రెండు ప్రోగ్రాములు రాశాడు. టైప్‌సెట్‌తో పాఠం దిద్దుకోవాలి, రనాఫ్‌తో అచ్చు తీసుకోవాలి. నియమం తేలిక: చుక్కతో మొదలయ్యే వరుస ఆజ్ఞ, మిగతాదంతా పాఠం. చుక్క పెట్టి సెంటర్ అంటే తర్వాతి వరుస మధ్యకు వస్తుంది, చుక్క పెట్టి స్పేస్ అంటే ఖాళీ వరుస. వరుసలు నింపడం, కుడి అంచు సరిచేయడం, పేజీ సంఖ్యలు వేయడం అదే చూసుకుంటుంది.

ఈ ఒక్క చుక్క నుంచి పెద్ద వంశం పుట్టింది. మల్టిక్స్ అనే మరో టైమ్ షేరింగ్ వ్యవస్థలోకి రనాఫ్ వెళ్లింది. బెల్ ల్యాబ్స్‌లో జీఈ 635 మెయిన్‌ఫ్రేమ్ మీద రాఫ్ అయింది. డగ్ మెకిల్‌రాయ్ దాన్ని బీసీపీఎల్ భాషలో రాశాడు. అక్కడి నుంచి యూనిక్స్‌కు చేరింది. యూనిక్స్ బృందానికి పీడీపీ-11 కంప్యూటర్ కొనడానికి డబ్బు దొరికింది కూడా ఈ పనిని చూపించే: సంస్థ పేటెంటు విభాగానికి దరఖాస్తులు టైపు చేసే వ్యవస్థ తయారు చేస్తామన్నారు, చేశారు, 1971లో ఆ విభాగపు టైపిస్టులు దాన్ని వాడారు. ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తామని అడిగి ఉంటే ఆ సొమ్ము వచ్చేది కాదేమో.

రనాఫ్ సులువు. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి వచ్చేస్తుంది. లేఖలకు, పది పేజీల నివేదికలకు ఇప్పటికీ నా ఓటు దానికే. కానీ అది చెప్పేదంతా పేజీ రూపం గురించే. ఉదాహరణకు మాన్యువల్‌లో ఒక హెచ్చరిక రాయాలి. రనాఫ్‌లో మీరు రెండు వరుసలు వదలమంటారు, ఐదు గడులు లోపలికి జరపమంటారు, పాఠాన్ని పెద్ద అక్షరాల్లో టైపు చేస్తారు. లైన్ ప్రింటర్ మీద బాగానే ఉంటుంది. రేపు కేంద్రానికి లేజరు ప్రింటర్ వచ్చింది, హెచ్చరికలన్నీ ముదురు అక్షరాల్లో కావాలన్నారు. మీ ఫైలులో హెచ్చరిక అన్న మాటే లేదు. ఖాళీలు, జరపడాలు ఉన్నాయి. ఏ జరపడం హెచ్చరికకు, ఏది పద్యానికి అన్నది ఫైలంతా కళ్లతో చూసి ఏరాల్సిందే.

ఏమిటో చెప్పండి, ఎలాగో నేను చూసుకుంటాను

ఐబీఎం కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో సీపీ-67, సీఎంఎస్ అనే ఐబీఎం వ్యవస్థల కోసం స్టువర్ట్ మ్యాడ్నిక్ రాసిన స్క్రిప్ట్ కూడా చుక్క వంశమే. అక్కడితో ఆగి ఉంటే దాని గురించి వేరుగా రాయాల్సిన పని లేదు. కానీ అదే కేంద్రంలోకి న్యాయశాస్త్రం చదివిన చార్లెస్ గోల్డ్‌ఫార్బ్ వచ్చాడు. న్యాయవాదుల కార్యాలయాల్లో పత్రాలు రాయడం, దాచడం, వెతకడం మూడూ ఒకే వ్యవస్థలో జరగాలన్నది ఆ ప్రాజెక్టు. రాసే ప్రోగ్రాముకు ఒక రకం ఆజ్ఞలు, వెతికే ప్రోగ్రాముకు మరో రకం ఆజ్ఞలు ఉంటే ఒకే ఫైలు రెండింటికీ పనికిరాదు. కాబట్టి ఫైలులో రూపం రాయకూడదు, ఏ ముక్క ఏమిటో రాయాలి. 1969లో గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ ఆ పద్ధతిని తయారు చేశారు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చేదే జీఎంఎల్.

ఇందులో ఆజ్ఞ, అంటే ట్యాగు, కోలన్‌తో మొదలై చుక్కతో ముగుస్తుంది. కోలన్, పీ, చుక్క అంటే పేరా. కోలన్, హెచ్1, చుక్క అంటే పెద్ద శీర్షిక. జాబితాకు ఓఎల్, యూఎల్, అందులో ఒక్కో అంశానికి ఎల్ఐ. ఈ పేర్లు ఎక్కడో చూసినట్టున్నాయా? చూసే ఉంటారు. జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో ఇదే కుటుంబపు ట్యాగులతో పత్రాలు రాసేవారు. అక్కడే పనిచేసిన టిమ్ బెర్నర్స్-లీ వెబ్ పేజీల భాషకు ఆ పేర్లనే తీసుకున్నాడు. మీ ఫోనులో తెరుచుకునే ప్రతి వెబ్ పేజీలోనూ మెయిన్‌ఫ్రేమ్ మాన్యువల్ ఎముకలున్నాయి.

మన హెచ్చరిక దగ్గరికి వద్దాం. జీఎంఎల్‌లో మీరు దాన్ని హెచ్చరిక అని మాత్రమే గుర్తిస్తారు. అది ఎలా కనిపించాలో ప్రొఫైల్ అనే వేరే ఫైలు చెబుతుంది. ఐబీఎం 1978లో విడుదల చేసిన డాక్యుమెంట్ కంపోజిషన్ ఫెసిలిటీలోని స్క్రిప్ట్/వీఎస్ ఇలాగే పనిచేస్తుంది. చిత్తుప్రతి 1403 మీద తీస్తే హెచ్చరిక కింద గీత పడుతుంది, 3800 మీద తీస్తే వేరే అక్షర పట్టికలో వస్తుంది. మీ పాఠంలో ఒక్క వరుస కూడా మారదు. మీరు ఉద్యోగం మారి వెళ్లిపోయాక, మీ స్థానంలో వచ్చినవారు ఐదేళ్ల తర్వాత కొత్త యంత్రం మీద తీసినా అంతే. రెండో ప్రశ్న ముందే అడగాలన్నది ఇందుకే.

దీని బరువు కూడా చెప్పాలి. ముందు వెనకల ప్రస్తావనలు, విషయసూచికలోని పేజీ సంఖ్యలు సరిగ్గా రావాలంటే ఫైలును రెండుసార్లు చదివించాలి. కంప్యూటర్ సమయానికి సెకన్ల లెక్కన వసూలు చేసే కేంద్రంలో ఆ రెండో చదువు మీ ఖాతాలోంచే పోతుంది. మంచి ప్రొఫైల్ రాయగలిగిన మనిషి ఒకరు దగ్గర ఉండాలి. లేకపోతే ఐబీఎం ఇచ్చిన మూసలోనే అందరి పత్రాలూ ఒకే మొహంతో వస్తాయి. రెండు పేజీల లేఖకు ఇంత సరంజామా అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం తన సొంత స్క్రిప్ట్‌ను పెంచి పోషించింది, ఇతర విశ్వవిద్యాలయాలకూ ఇచ్చింది. ఐబీఎం యంత్రమున్న విశ్వవిద్యాలయంలో మీరుంటే, ఖరీదైన ఐబీఎం సరుకు అడిగే ముందు ఇది ఉందేమో కనుక్కోండి.

టీరాఫ్, స్క్రైబ్, టెక్

పీడీపీ-11 మెయిన్‌ఫ్రేమ్ కాదు, మినీ కంప్యూటర్. అయినా ఈ పోలికలో టీరాఫ్‌ను వదిలేస్తే పెళ్లికి పెళ్లికొడుకును పిలవనట్టే. జో ఒస్సానా దీన్ని 1973 ప్రాంతంలో క్యాట్ టైపుసెట్టర్ కోసం రాశాడు. దీని తోడు ఎన్‌రాఫ్ టెర్మినళ్లకు, టైపు యంత్రాలకు రాస్తుంది. రెండింటికీ ఇన్‌పుట్ ఫైలు ఒకటే. అక్షరం సైజు మార్చమని రాసిన ఆజ్ఞను ఎన్‌రాఫ్ పట్టించుకోకుండా దాటేస్తుంది. అంటే చిత్తుప్రతికి ఎన్‌రాఫ్, చివరి ప్రతికి టీరాఫ్. గీటురాయి మీద మంచి గీతే పడింది.

సమీకరణాలకు బ్రయన్ కెర్నిహాన్, లోరిండా చెరీ రాసిన ఈక్యూఎన్, పట్టికలకు మైక్ లెస్క్ రాసిన టీబీఎల్ ముందు నడుస్తాయి, వాటి ఫలితం పైపు గుండా టీరాఫ్‌లోకి వెళ్తుంది. సమీకరణాన్ని నోటితో చదివినట్టు రాస్తే చాలన్నది ఈక్యూఎన్ గొప్పదనం. గణితం రాని టైపిస్టు కూడా కొట్టగలరు. లెస్క్ రాసిన ఎంఎస్ మేక్రోలు (ముందే కట్టి పెట్టిన ఆజ్ఞల కట్టలు) వాడితే రూపం, అర్థం కొంతవరకు వేరవుతాయి, జీఎంఎల్ అంత కచ్చితంగా కాదు. మధ్యలో ఎవరైనా ముడి ఆజ్ఞ ఒకటి దూర్చేస్తారు, దాన్ని ఆపేవారు లేరు.

1980లో దీన్ని ఎంచుకునేవారు ఒక మాట కచ్చితంగా అడగాలి: ఏ టీరాఫ్? ఒస్సానా రాసినది క్యాట్ యంత్రం సంకేతాలనే బయటికి పంపుతుంది. ఆయన 1977లో మరణించాక ఆ బిగువైన కోడ్‌ను విప్పి, ఏ యంత్రానికైనా పనికొచ్చేలా కెర్నిహాన్ తిరగరాశాడు. పాతది మీకు అంటగట్టారంటే, క్యాట్ మూలపడిన రోజున మీ పత్రాలూ మూలపడతాయి.

స్క్రైబ్ గురించి పొడుగ్గా రాయను, ఇష్టం లేక కాదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ రీడ్ డాక్టరేటు పని అది, 1980లో పూర్తయింది. పత్రం రకాన్ని, యంత్రాన్ని చెబితే రూపమంతా అదే చూసుకుంటుంది. గ్రంథసూచి దానంతటదే తయారవుతుంది. ఒంటరిగా సిద్ధాంత గ్రంథం రాసుకునే విద్యార్థికి ఇంతకంటే హాయైన సాధనం ఆనాటికి లేదు, డెక్ కంపెనీ వారి పీడీపీ-10 కంప్యూటర్ అందుబాటులో ఉంటే. వాణిజ్య ప్రతిలో మాత్రం గడువు దాటితే పనిచేయడం మానేసే ఏర్పాటు పెట్టారు. పత్రం పదేళ్లు బతకాలనుకునేవారు ఆ మాట మరిచిపోకూడదు.

టెక్ విషయానికొస్తే, తన పుస్తకం రెండో సంపుటానికి కొత్త ఫొటో టైపుసెట్టింగ్ ప్రూఫులు చూసి మనసు విరిగి డొనాల్డ్ కనూత్ 1977లో మొదలుపెట్టిన పని ఇది. గణితం అందంగా రావడంలో దీనికి సాటి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. కానీ 1980 నాటి టెక్ స్టాన్‌ఫర్డ్‌లోని పీడీపీ-10 మీద సెయిల్ భాషలో రాసినది. పాస్కల్‌లో తిరగరాసి అన్ని యంత్రాలకూ చేరింది 1982 తర్వాతే. పైగా అది చుక్కలతో బొమ్మ గీయగల ప్రింటర్‌ను అడుగుతుంది. గొలుసు ప్రింటర్ మీద టెక్ అంటే ఎద్దుల బండికి విమానం రెక్కలు కట్టినట్టు.

ఎవరికి ఏది

మీ దగ్గర 1403 ఒక్కటే ఉంటే ఫార్మాటర్ గురించి బుర్ర బద్దలు కొట్టుకోవద్దు. రనాఫ్, స్క్రిప్ట్, ఏది దొరికితే అది. టీఎన్ గొలుసు ఎప్పుడు వేస్తారో ఆ వేళలు కనుక్కోవడమే ముఖ్యం. కార్డుల మీద పంచ్ చేసి పుస్తకం రాద్దామనే ఆలోచన ఉంటే మాత్రం మానుకోండి. టైమ్ షేరింగ్ టెర్మినల్ దొరికే దాకా కాగితం మీద చేత్తో రాసుకోవడమే నయం.

ఏటేటా మారే మాన్యువల్, పదిమంది రాసేవారు, యంత్రాలు మారుతూ ఉండే సంస్థ అయితే జీఎంఎల్ తప్ప మరొకటి చెప్పను. మొదటి నెల తిట్టుకుంటారు. మూడో కూర్పు వచ్చేసరికి రూపం గురించి మాట్లాడుకోవడం మానేస్తారు.

పట్టికలు, సమీకరణాలు కలగలిసిన సాంకేతిక నివేదికలు, దగ్గర్లో యూనిక్స్ యంత్రం ఉంటే ఎన్‌రాఫ్, టీరాఫ్ జంట. గ్రంథం నిండా గణితమే ఉండి, ఒకటి రెండేళ్లు ఆగగలిగితే టెక్ కోసం ఆగండి. ఆగలేకపోతే ఈక్యూఎన్ మీకు అన్యాయం చేయదు. సిద్ధాంత గ్రంథం, గడువు దగ్గరపడింది, పీడీపీ-10 ఉంది అంటే స్క్రైబ్. దాని విషయంలో నాకు ఒక్క శంకా లేదు.

తెలుగు పత్రమైతే? పై గొలుసుల్లో, బంతుల్లో దేనిమీదా మన అక్షరం లేదు. గడికొక అక్షరం అన్న లెక్కలో ఒత్తులకూ గుణింతాలకూ చోటు ఎక్కడిది? టెక్ ఆ లెక్కను వదిలి, పెట్టెలను పెట్టెల పక్కన, కింద, పైన పేర్చే పద్ధతి తెచ్చింది. 1990ల తొలినాళ్లలో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి టెక్‌తో తెలుగు లిపిలో అచ్చు తీసే సాధనాలు అమెరికాలో చదువుకునే మనవారి చేతుల్లోంచే వచ్చాయి. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్ఐటీ లిప్యంతరీకరణ ఆ కాలపుదే. ఇవాళైతే యూనికోడ్ ఫాంట్లతో నేరుగా పనిచేసే జీటెక్ ఉంది. టీరాఫ్‌కు నేటి రూపమైన గ్రాఫ్‌తో తెలుగు ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి, ఒత్తులు అతకవు.

ఇవాళ ఇంట్లో నడిపి చూడాలంటే

అన్నిటికంటే తేలిక గ్రాఫ్. టీరాఫ్‌కు జేమ్స్ క్లార్క్ 1990లో రాసిన ఉచిత రూపమిది. లినక్సులో మాన్ అని కొట్టినప్పుడు కనిపించే సహాయ పేజీలను ఎక్కువచోట్ల అదే తీర్చిదిద్దుతుంది. కొత్తగా ఏమీ ఎక్కించనక్కర్లేదు, ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. అసలు వాసన కావాలనుకుంటే సిమ్‌హెచ్ ఎమ్యులేటర్ మీద యూనిక్స్ ఏడో కూర్పు ఎక్కించి ఎన్‌రాఫ్ నడపండి.

రనాఫ్ వంశం మూలాలకు దగ్గరగా వెళ్లాలంటే మల్టిక్స్ మేలు. దాని మూలం 2007లో అందరికీ విడుదలైంది. డీపీఎస్8ఎం అనే ఎమ్యులేటర్ మీద చక్కగా లేస్తుంది, రనాఫ్‌తో పాటు దాని వారసుడు కంపోజ్ కూడా అందులో ఉంది. పెట్టుబడి ఒక వారాంతం.

ఐబీఎం వైపు హెర్క్యులిస్ ఎమ్యులేటర్, దాని మీద ఐబీఎం ఆపరేటింగ్ సిస్టమ్‌లైన ఎంవీఎస్ 3.8 గానీ వీఎం/370 గానీ. అమీర్‌పేట గదుల్లో మెయిన్‌ఫ్రేమ్‌కు పనులు అప్పగించే జేసీఎల్ భాష నేర్చుకుని, ఫలితాన్ని అచ్చుకు పంపే సిస్‌అవుట్ అన్న మాటను పరీక్ష కోసం బట్టీ పట్టినవారు ఎందరో. ఆ మాట చివర ఉండే ప్రింటర్‌ను వారిలో చాలామంది కంటితో చూసి ఉండరు. హెర్క్యులిస్ ఆ 1403ను ఒక టెక్స్ట్ ఫైలుగా మీ ముందు పెడుతుంది, మొదటి గడి మాయాజాలమంతా అర్థమవుతుంది. స్క్రిప్ట్/వీఎస్ మాత్రం లైసెన్సు సరుకు, ఇందులో రాదు. జీఎంఎల్ రుచి చూడాలంటే అడ్డదారి ఒకటుంది: వాటర్లూ వారసత్వమైన ఓపెన్ వాట్‌కామ్ కంపైలర్ మాన్యువళ్లు ఇప్పటికీ ఆ ట్యాగులతోనే ఉన్నాయి. మూలాన్ని దించుకుని ఒక్క అధ్యాయం తెరిస్తే, వెబ్ పేజీ రాసిన అనుభవం ఉన్నవారికి నిఘంటువు అక్కర్లేదు.

వీటిలో ఒక్కటే చేయండంటే హెర్క్యులిస్ చేయమంటాను, ప్రింటర్ నుంచి మొదలుపెట్టమన్నది నేనే కదా. తొలి ఫైలుగా 1 నుంచి 132 దాకా గడుల కొలబద్ద ఒక్క వరుస పంపండి. ఆ వరుసకు ముందు ఒక ఖాళీ వదలడం మాత్రం మరిచిపోకండి.